మిషను కొన్నాక మొదలయ్యేదే అసలు బేరం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, చెక్క బొమ్మల యూనిట్ నడుపుతున్న ఒక సభ్యురాలు మాట్లాడిన మాటలు. సభ్యులు కోరినందున నివేదికలో పూర్తిగా ఇస్తున్నాం.)



నన్ను “విజయగాథ” చెప్పమన్నారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నాది సగం విజయం, సగం దెబ్బ. విజయం సంగతి ఫొటోల్లో చూస్తారు. దెబ్బ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను అదే చెబుతాను. ఈ ఏడాది మన సమాఖ్యలో చాలామంది మిషన్ల కోసం లోను పెట్టుకున్నారు. పిండి మర అవనీ, కుట్టు మిషను అవనీ, విస్తరాకుల మిషను అవనీ, నాలాగ చెక్క పని మిషను అవనీ, ఈ మాటలు అందరికీ పనికొస్తాయి.

మా అమ్మగారి ఊరు ఏటికొప్పాక పక్కనే. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మల గురించి మీకు చెప్పక్కర్లేదు. అంకుడు కర్ర తెచ్చి, బాగా ఆరబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, ఆ తిరుగుతుండగానే లక్క కర్ర ఆనిస్తే ఆ వేడికి రంగు కరిగి పట్టుకుంటుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు చెక్కేవారు. ఇప్పుడు మోటారు వచ్చింది. మోటారు వచ్చాకే నాలాంటి ఆడది ఒక్కతే కూర్చుని పని చేసుకోగలుగుతోంది. కాబట్టి నేను మిషనుకి శత్రువును కాను. మిషను వల్లే నేను అన్నం తింటున్నాను.

అసలు కథకి వస్తాను. మా సంఘానికి బ్యాంకు లింకేజి లోను వచ్చినప్పుడు నా వాటాగా 80,000 తీసుకున్నాను. ఒక ఎగ్జిబిషన్‌లో స్టాలు చూశాను. పచ్చ రంగు లేత్, అద్దంలా మెరుస్తోంది. దానితో పాటు చిన్న డ్రిల్లు మిషను. రెండూ కలిపి 72,000 అన్నాడు. “పెద్ద కంపెనీ మేడమ్, ఏడాది వారంటీ, ఫోన్ చేస్తే మెకానిక్ మీ గుమ్మంలో ఉంటాడు” అన్నాడు. ఆ “మేడమ్” అన్న మాటకే నేను సగం పడిపోయాను. ఎవరన్నారు నన్ను అంతకు ముందు మేడమ్ అని!

నేను చూసింది రంగు. అడిగింది ధర. ఇంకేమీ అడగలేదు. కాగితం ఇచ్చాడు, మడిచి పర్సులో పెట్టుకున్నాను. అది బిల్లు కాదనీ, పైన “ఎస్టిమేట్” అని రాసి ఉందనీ నాకు మూడు నెలల దాకా తెలీదు. వారంటీ కార్డు ఇచ్చాడు, అందులో తేదీ లేదు, ముద్ర లేదు, మిషను నంబరు లేదు.

మూడు నెలలు బాగానే తిరిగింది. తర్వాత ఒక రకం మూలుగు మొదలైంది. హెడ్‌స్టాక్ అంటే కర్రని పట్టుకుని తిప్పే పెట్టె. అది చెయ్యి పెడితే కాలేటంత వేడెక్కేది. కర్ర వణికేది. వణికే కర్ర మీద ఉలి ఆనిస్తే గీతలు పడతాయి, లక్క సమంగా పట్టదు. కుంకుమ భరిణె మూత బిగుతుగా కూర్చోవాలి కదా, అది లొడలొడలాడేది. అప్పుడు సంక్రాంతి దగ్గర పడుతోంది. బొమ్మల కొలువుకి వంద సెట్ల ఆర్డరు చేతిలో ఉంది.

ఫోన్ చేశాను. “రేపు పంపిస్తాం మేడమ్” అన్నారు. మర్నాడు చేశాను. “టెక్నీషియన్ వేరే ఊళ్లో ఉన్నాడు, రేపు.” ఆ తర్వాత ఫోన్ ఎత్తేది వేరే అమ్మాయి. ఆ అమ్మాయికి కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పది రోజులయ్యాక “రాకపోకల ఖర్చు మీరే పెట్టుకోవాలి” అన్నారు. ఇరవై రోజులయ్యాక “మీ బిల్లు నంబరు చెప్పండి” అన్నారు. అప్పుడు తీశాను పర్సులోంచి కాగితం. నంబరు లేదు.

41 రోజులు మిషను ఆగిపోయింది. వంద సెట్ల ఆర్డరు పోయింది. కానీ కిస్తీ ఆగదు కదండీ. నెలకి 3,800. మా అత్తగారు “పచ్చ రంగు చూసి తెచ్చావు, ఇప్పుడు పసుపు రాసి పూజ చెయ్యి” అన్నారు. నవ్వకండి, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఆ నెల కిస్తీ మా సంఘంలో మిగతా తొమ్మిది మంది తలా కొంత వేసి కట్టారు. ఒక్కరు కూడా మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. మనం తీసుకునే లోను మన ఒక్కరి పేరు మీద ఉండదు. నా మిషను బేరింగు పాడైతే పది మంది పొదుపు కదులుతుంది. నాణ్యత అన్న మాటకి నాకు అర్థం అక్కడ తెలిసింది.

ఆఖరికి టౌన్‌లో పంపుసెట్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని “బాబాయ్, ఒకసారి చూసి చెప్పండి” అని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన మిషను విప్పలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన హెడ్‌స్టాక్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని విన్నారు. “బేరింగు పోయిందమ్మా. ఇది నాసిరకం మాలు. నేను ఇప్పుడే మార్చేయగలను. కానీ నేను విప్పితే వాళ్లు వారంటీ పోయిందంటారు. ముందు రాసి పంపు” అన్నారు. ఆ మాట నన్ను కాపాడింది. కోపంలో విప్పించేసి ఉంటే నా చేతిలో ఏమీ మిగిలేది కాదు.

సీసీ మేడమ్ కూర్చోబెట్టి ఉత్తరం రాయించారు. ఏ తేదీన కొన్నాను, ఎంత కట్టాను, ఎప్పుడు పాడైంది, ఏ ఏ రోజుల్లో ఫోన్ చేశాను, ఇప్పుడు నాకు ఏం కావాలి. ఇంతే, ఒక పేజీ. తిట్లు లేవు, ఏడుపు లేదు. రిజిస్టర్ పోస్టులో పంపాం. బిల్లు లేదు కదా, మరి రుజువు ఏమిటి? లోను డబ్బు బ్యాంకు నుంచి నేరుగా వాళ్ల ఖాతాకి వెళ్లింది. ఆ పాస్‌బుక్ పేజీ జిరాక్సు జత చేశాం. అదే నగదు ఇచ్చి ఉంటే, నేను అసలు కొన్నాననే రుజువే ఉండేది కాదు. తర్వాత 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, కంపెనీకి పంపించారు.

వాళ్లు కొత్త హెడ్‌స్టాక్ పంపారు. మెకానిక్ వచ్చి బిగించి వెళ్లాడు. పోయిన 41 రోజులకి మాత్రం పైసా ఇవ్వలేదు. నేనూ అలిసిపోయి వదిలేశాను. వదిలేయకూడదని ఇప్పుడు అనిపిస్తోంది. అందుకే చట్టం సంగతి మీకు చెబుతాను, సరిగ్గా వినండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. “మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారు” అని అమ్మినవాళ్లు మనల్ని భయపెడతారు. అది పూర్తి నిజం కాదు. స్వయం ఉపాధితో, మన బతుకుతెరువు కోసమే కొని, మనమే వాడుకునే సరుకైతే మనం వినియోగదారులమే అని ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి మిషను నడిపేది ఎవరో బిల్లు వారి పేరు మీద రాయించుకోండి. 50 లక్షల వరకు కట్టిన సరుకు మీద జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. అయితే సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. 1915 అంటే కోర్టు కాదు, అది మధ్యవర్తి లాంటిది. అక్కడ తేలకపోతే కమిషన్.

ఇది పోరాటం సంగతి. అసలు పోరాటం అక్కర్లేకుండా కొనడం ఎలాగో చెబుతాను. నిరుడు మా గ్రామైక్య సంఘంలో నలుగురం కలిసి రంపపు మిషను, అదే బ్యాండ్ సా, కొనడానికి వెళ్లాం. ఈసారి నేను రంగు చూడలేదు.

మొదట, కొనకముందే ఆ కంపెనీ సర్వీసు నంబరుకి ఫోన్ చేశాను. అమ్మేవాడి నంబరుకి కాదు, సర్వీసు నంబరుకి. “బెల్టు తెగితే ఏ సైజు కొనాలి?” అని అడిగాను. ఒక కంపెనీలో మూడు రోజులు ఎవరూ ఎత్తలేదు. దాన్ని అక్కడే కొట్టేశాం. ఇంకో చోట ఎత్తి, నంబరు చెప్పి, “మీ టౌన్‌లో కూడా దొరుకుతుందమ్మా” అన్నారు. కొనే ముందు ఎత్తనివాడు కొన్నాక ఎత్తుతాడా?

రెండోది, రెండేళ్ల కింద ఆ మిషను కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ముగ్గురివి అడిగాం. కొత్తగా కొన్నవాళ్లు అందరూ బాగుందనే అంటారు. రెండేళ్లు వాడినవాళ్లే నిజం చెబుతారు.

మూడోది, మిషనుని అరగంట తిప్పించాం. అమ్మేవాడు ఒక నిమిషం తిప్పి ఆపేయబోయాడు. “ఉండండి బాబూ, మేము టీ తాగి వస్తాం, అది తిరుగుతుండనీ” అన్నాం. అరగంట తర్వాత ఆపించి బేరింగు గూడు మీద చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి వెనక్కి లాక్కునేటంత వేడి ఉంటే వద్దు. మళ్లీ తిప్పించి, బల్ల మీద ఐదు రూపాయల బిళ్లని అంచు మీద నిలబెట్టాం. పడిపోకుండా నిలబడితే మిషనులో వణుకు తక్కువ. లేత్ అయితే ఇంకోటి చూడండి. రెండు వైపులా ఉండే మొనలని దగ్గరికి జరిపితే ముక్కుకి ముక్కు తగిలినట్టు కలవాలి. పక్కకి తప్పితే ఆ లేత్ మీద పని సరిగ్గా కుదరదు.

నాలుగోది, మోటారు మీద ఉండే రేకు చదవాలి. చదవడం రాకపోతే పదో తరగతి చదివే పిల్లని తీసుకెళ్లండి. ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎన్ని ఆంపియర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు, అన్నీ ఉండాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. మనింట్లో సింగిల్ ఫేజు ఉంటే త్రీ ఫేజు మిషను తెచ్చి ఏం చేసుకుంటాం? రేకే లేని మోటారు అయితే అది ఎవరి బిడ్డో తెలియని మోటారు.

ఐదోది, విడి భాగాలు. బేరింగుల మీద నంబరు ఉంటుంది, 6204, 6205 అలాగ. ఆ నంబర్లు, బెల్టు నంబరు ఒక కాగితం మీద రాయించుకోండి. మన టౌన్‌లో బేరింగుల కొట్టుకి వెళ్లి ఉన్నాయా అని అడగండి. అందరూ వాడే నంబరైతే ఆ పూటే పని మొదలవుతుంది. కంపెనీ సొంతంగా చేయించుకున్న వింత భాగమైతే వాళ్లు పంపేదాకా మనం కిస్తీ కడుతూ కూర్చోవాలి.

ఆరోది, భద్రత. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఈ మిషన్లు తయారు చేసేవాళ్లు పంటలాం చొక్కా వేసుకున్న మనిషిని తలచుకుని చేస్తారు. చీర కట్టుకుని, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని, మెళ్లో నల్లపూసలు వేసుకున్న మనిషిని తలచుకోరు. మా యూనిట్‌లో ఒక చెల్లి పైట చెంగు బెల్టులో పడింది. బెల్టు మీద మూత లేదు. ఊడిపోయిందని నేనే పక్కన పెట్టాను, రేపు బిగిద్దాంలే అనుకున్నాను. దేవుడి దయ, చీర పాతది కావడంతో చిరిగిపోయింది. కొత్త చీరైతే మనిషే లోపలికి వెళ్లేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మూత లేకుండా మిషను తిప్పం. పైన పొడుగు చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకుంటాం, జడ ముడి వేస్తాం, గాజులు, గొలుసులు తీసి డబ్బాలో పెడతాం. చేతికి గ్లవ్స్ వేసుకుంటే మంచిది కదా అని కొందరు అనుకుంటారు. లేత్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు, తిరిగే కర్ర గ్లవ్‌ని పట్టుకుంటే చెయ్యి కూడా పోతుంది. ముక్కుకి గుడ్డ, కళ్లకి అద్దాలు మాత్రం తప్పనిసరి.

కొనేటప్పుడు ఇంకోటి చూడండి. మిషను తిరుగుతుండగా మెయిన్ ఆపించి మళ్లీ వేయించండి. మన ఊళ్లో కరెంటు పోవడం, రావడం మామూలే. కరెంటు పోయిందని మనం రంపం దగ్గర చెయ్యి పెట్టి ముక్క తీస్తుంటాం, అప్పుడే కరెంటు వస్తుంది. మంచి మిషను దానంతటది తిరగదు. మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే తిరగాలి. అలాంటి స్విచ్చి లేకపోతే పెట్టించి ఇమ్మనండి. ఎర్ర బటన్ చేతికి అందేటట్టు ఉండాలి. ఎర్తింగు లేనిదే ప్లగ్గు పెట్టవద్దు.

శిక్షణలో సారు ఒక వీడియో చూపించారు. అమెరికాలో సా-స్టాప్ అని రంపపు బల్లలు చేసే కంపెనీ ఉంది. తిరుగుతున్న రంపానికి మనిషి వేలు తగిలితే సెకనులో 200వ వంతులో ఆగిపోతుంది. ఆగడానికి వాడిన బ్రేకు మళ్లీ పనికిరాదు. వేలు తగిలే ఆగిందని ఆ బ్రేకుని వెనక్కి పంపితే కొత్తది ఉచితంగా ఇస్తారట. దాని ధర మనకి అందేది కాదు. నేను చెప్పేది అది కొనమని కాదు. అమ్మేశాక కూడా కొన్నవాళ్ల వేళ్ల గురించి ఆలోచించే కంపెనీలు లోకంలో ఉన్నాయి. కాబట్టి మనం అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

ఏడోది, కాగితం. జీఎస్టీ బిల్లు, అందులో మిషను నంబరు. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర. పాడైతే ఎన్ని రోజుల్లో వస్తారు, ఎవరి ఖర్చుతో వస్తారు, బేరింగులు, మోటారు వారంటీలో ఉన్నాయా లేదా, ఇవన్నీ బిల్లు వెనక రాయించి సంతకం పెట్టించాం. అమ్మేవాడు మొదట నవ్వాడు. “ఇంతవరకు ఇలా ఎవరూ అడగలేదమ్మా” అన్నాడు. “మేము అడుగుతున్నాం కదా” అన్నాం. సంతకం పెట్టాడు. ఆ మిషను కొని ఏడాది దాటింది. ఒకసారి చక్రం సరిగ్గా లేక రంపం జారిపోతుంటే ఫోన్ చేశాం. వీడియో కాల్‌లోనే ఏ మర ఎటు తిప్పాలో చెప్పారు. పది నిమిషాల్లో సరైంది. మంచి సర్వీసు అంటే మనిషి రావడమే కాదు, మనకి నేర్పడం కూడా.

ఇంతవరకు వాళ్ల తప్పు చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెబుతాను. చెప్పకపోతే ఈ మాటలకి విలువ లేదు.

పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి ఒక అమ్మగారు పిల్లల బండి బొమ్మలు తెప్పించుకున్నారు. నెలకే చక్రాలు బీటలు వారాయి. ఆవిడ ఫోటో పెట్టారు. కారణం నాకు తెలుసు. ఆర్డరు తొందరలో సరిగ్గా ఆరని అంకుడు కర్ర వాడేశాం. పచ్చి కర్ర మన దగ్గర బాగానే ఉంటుంది, ఏసీ గదిలోకి వెళ్లాక ఆరి పగులుతుంది. ఆవిడ ఫోన్ చేస్తే నేను ఏమన్నానో తెలుసా? “రేపు పంపిస్తానమ్మా” అన్నాను. పంపలేదు. మళ్లీ చేశారు, “మా అమ్మాయి ఊళ్లో లేదు, రేపు” అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్లు జలదరించింది. ఆ 41 రోజులు నేను విన్న మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆ సాయంత్రమే ఆరిన కర్రతో కొత్త చక్రాలు చేసి, మర్నాడు పార్సెల్ వేసి, తప్పు మాదేనని చీటీ రాశాను. ఆవిడ మళ్లీ ఆర్డరు పెట్టారు. పెట్టకపోయినా నేను చేయవలసింది అదే. ఇప్పుడు మా దగ్గర కర్ర వచ్చిన రోజున సుద్దతో తేదీ రాస్తాం. ఆ తేదీ చూడకుండా ఎవరూ లేత్ ఎక్కించరు. ప్రతి పార్సెల్‌లో మా ఫోన్ నంబరు చీటీ ఉంటుంది. ఆ ఫోన్ ఎత్తే బాధ్యత వారానికి ఒకరిది.

చివరగా సమాఖ్యకి మూడు మనవులు. ఒకటి, ఇకనుంచి మిషను లోను ఏదైనా మంజూరు చేసే ముందు బిల్లు, వారంటీ, సర్వీసు కాగితం చూసే పని గ్రామైక్య సంఘం చేయాలి. డబ్బు నేరుగా ఖాతాకే వెళ్లాలి, నగదు వద్దు. రెండు, మన మండలంలో ఎవరి దగ్గర ఏ కంపెనీ మిషను ఉంది, ఎన్నిసార్లు పాడైంది, పిలిస్తే ఎన్ని రోజులకి వచ్చారు అని ఒక రిజిస్టరు పెట్టాలి. మనలో ఒక్కరు ఫోన్ చేస్తే “రేపు” అంటారు. నలభై మిషన్ల రిజిస్టరు పట్టుకుని సమాఖ్య ఫోన్ చేస్తే ఈ రోజే వస్తారు. మూడు, ఐటీఐ చదివిన మన ఆడపిల్లలు ఇద్దరికి ఈ మిషన్లు బాగుచేయడం నేర్పించండి. బేరింగు మూలుగు చెవితో గుర్తుపట్టే చెల్లి మన మండలంలో ఉంటే ఎవరి గుమ్మం దగ్గరా మనం 41 రోజులు నిలబడక్కర్లేదు.

ఆ నెల నా కిస్తీ కట్టిన తొమ్మిది మందీ ఇక్కడే కూర్చున్నారు. వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ ఒక్కసారి నిలబడండక్కా, అందరూ చూడాలి. నా మిషనుకి అసలు వారంటీ వీళ్లే.